జానెడు ఎర... మూరెడు చేప

మా బావగారి దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. కిరాణా కొట్టు పద్దుపుస్తకంలా పొడుగ్గా, అట్ట మీద సరస్వతీదేవి బొమ్మతో ఉంటుంది. తెనాలి నుంచి అత్తయ్య అమెరికా వెళ్లినప్పుడు మనవరాలికని అరడజను పట్టుకెళ్తే, అందులో ఒకటి ఆయన కాజేశారు. పేజీకి అయిదు గళ్లు: తేదీ, నీటి వేడి, గాలి, ఎర, ఫలితం. ఆరేళ్లుగా రాస్తున్నారు. ఫలితం గడిలో పైనుంచి కిందికి చూసుకుంటూ పోతే కనిపించేవన్నీ సున్నాలే. ఎక్కడో ఒకచోట ‘తగిలి జారింది’. మరోచోట ‘వెంట వచ్చి చూసి పోయింది’. మళ్లీ సున్నాలు.

“సున్నాలు దిద్దుకుంటున్నారా బావగారూ?” అన్నాను.

ఆయన నవ్వలేదు. నాలుగు పేజీలు తిప్పి, ఎర్ర సిరాతో రాసిన ఒక వరస మీద వేలు పెట్టారు. మార్చి నెల. నీళ్లు పదిహేను డిగ్రీలు. దక్షిణపు గాలి. పదకొండు పౌండ్లు. మన లెక్కలో అయిదు కిలోల చేప.

“దీని కోసమోయ్,” అన్నారు.

ఆ చేప పేరు బాస్. వారమంతా ఆఫీసులో ఒక బాస్ చుట్టూ, శని ఆదివారాలు చెరువులో ఇంకో బాస్ చుట్టూ తిరగడం ఆయన రాత. తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం, నేనేం చేయను! పూర్తి పేరు లార్జ్‌మౌత్ బాస్. ముదురాకుపచ్చ వీపు, పక్కన తల నుంచి తోకదాకా నల్లటి చార, కంటి వెనక్కి చీలిన నోరు. ఉత్తర అమెరికా మంచినీళ్లలో పుట్టిన చేప. రూపం వేరు గానీ, గుణంలో మన కొర్రమీనుకు దగ్గర. అదీ ఇదీ పొంచి ఉండి మింగేవే, పిల్లలకు కాపలా కాసేవే.

మామూలుగా బాస్‌ని పట్టేవాళ్లు వేలెడంత ప్లాస్టిక్ వానపామునో చిన్న ఇనప రేకునో గాలానికి తగిలించి, పూటకు పది పదిహేను చేపలు పడతారు. ఫొటో తీసుకుని వదిలేస్తారు. మా బావ గుంపు వేరు. వీళ్లు గాలానికి కట్టేది జానెడు పొడవున్న బొమ్మ చేప. పేరు స్విమ్‌బెయిట్. నూట యాభై గ్రాముల దాకా బరువు. చూడటానికి అచ్చం ట్రౌట్ చేప: అదే గులాబీ చార, అవే చుక్కలు, గాజు కళ్లు. దాన్ని నీళ్లలోకి విసిరారంటే చిన్న చేపలన్నిటితోనూ ఆ రోజుకు తెగతెంపులు చేసుకున్నట్టే. అంత ఎరను మింగగలిగే నోరున్నదే రావాలి. అలాంటివి ఆ చెరువులో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉంటాయి. అవి కూడా ఏడాదంతా రావు.

నీళ్లూ అరువే, చేపలూ అరువే

బావగారు ఉండేది శాంటా క్లరిటాలో. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన కొండల నడుమ ఊరు. అక్కడికి దగ్గర్లోనే కాస్టేయిక్ జలాశయం. గాలాల వాళ్ల దగ్గర ఆ పేరెత్తితే, క్రికెట్ వాళ్ల దగ్గర ఈడెన్ గార్డెన్స్ అన్నంత మర్యాద.

1973లో పూర్తయిన మట్టికట్ట అది. ఎత్తు 425 అడుగులు, మన నాగార్జునసాగర్ కంటే కాస్త ఎక్కువే. నీటి నిల్వలో మాత్రం సాగర్ ముందు దోసెడు. సాగర్‌ది 312 టీఎంసీలైతే, దీనిది పద్నాలుగు. ఆ పద్నాలుగులోనూ ఊరి నీళ్లు తక్కువే. వానలు అంతంతమాత్రంగా పడే ఎండు కొండలవి. ఎక్కడో ఉత్తరాన సియెరా నెవాడా మంచు కరిగి, ఫెదర్ నదిలో కలిసి, ఓరోవిల్ ఆనకట్ట దాటి, శాక్రమెంటో డెల్టా చేరుతుంది. అక్కడ పంపులు తోడి కాలువకెక్కిస్తే వందల మైళ్లు దక్షిణానికి పారుతుంది. దారికి తెహాచపీ కొండలు అడ్డం. ఎడ్మన్‌స్టన్ పంపింగ్ కేంద్రం ఆ నీటిని ఒకే ఎత్తున 1,926 అడుగులు పైకి తోస్తుంది. ఎత్తిపోతల లెక్కలు పొద్దున్నే కాఫీతోపాటు చదువుకునే మనకు ఆ అంకె బరువు వేరే చెప్పక్కర్లేదు. కొండ దాటిన నీరు పిరమిడ్ లేక్‌లో కాసేపు ఆగి, సొరంగంలోంచి దిగి, కరెంటు తీసే టర్బైన్లు తిప్పి కాస్టేయిక్‌కు వస్తుంది. మన శ్రీశైలం ఎడమగట్టులో ఉన్నట్టే అక్కడివీ రెండువైపులా తిరిగే టర్బైన్లు.

నీళ్ల కథ అలా ఉంటే, చేపల కథ అంతకు మించి. కాస్టేయిక్‌లో ఇంకో వేటచేప, చారల బాస్, మొదట కాలిఫోర్నియాకు వచ్చింది 1879లో. అట్లాంటిక్ తీరంలోని న్యూజెర్సీలో పట్టి, రైలెక్కించి, దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి తెచ్చి వదిలారు. లార్జ్‌మౌత్ కూడా తూర్పు నుంచి తెచ్చినదే. అసలు మలుపు 1959లో. శాన్‌డియేగో నగర జలాశయాలు చూసే ఓర్విల్ బాల్ అనే అధికారి ఫ్లోరిడా రకం బాస్ పిల్లల్ని తెప్పించి అప్పర్ ఓటే చెరువులో పోయించాడు. ఫ్లోరిడా రకం మామూలు రకంకంటే బాగా పెద్దదవుతుంది. శాన్‌డియేగోలో చలి తక్కువ, తిండి ఎక్కువ. 1973 జూన్‌లో మిరామార్ చెరువులో డేవ్ జిమర్లీ అనే ఆయన గాలానికి తొమ్మిదిన్నర కిలోల చేప పడింది. పద్నాలుగేళ్ల కిందట చేసిన పనికి అదీ పంట.

బొమ్మ ఎర అనుకరించే ట్రౌట్? అది హేచరీలో పెరిగి లారీలో వస్తుంది. ఒడ్డున నిలబడి గాలం విసురుతున్న మా బావ కృష్ణా డెల్టా నుంచి వలస పోయారు. అంతా అరువే. ఆ చెరువుకు సొంతమంటూ ఉన్నది ఒక్కటే, అక్కడి కాలం. నీటి వేడి ఎప్పుడు తగ్గుతుంది, ఎప్పుడు పెరుగుతుంది, గాలి ఎటు తిరుగుతుంది అన్నది మాత్రం ఏ పంపూ, ఏ లారీ మోసుకురాలేదు. బావగారి పుస్తకంలో రాసుకున్నదంతా దాని గురించే.

లారీ వచ్చే నెల

చలికాలం మొదలై నీళ్లు చల్లబడగానే దక్షిణ కాలిఫోర్నియా జలాశయాలకు ట్యాంకరు లారీలు వస్తాయి. పడవలు దింపే రేవు దగ్గర గొట్టం తెరిస్తే, వందల కొద్దీ ట్రౌట్ చేపలు జలజలా నీళ్లలో పడతాయి. ఆ చేపలు పిల్లా జెల్లా పట్టుకుని సరదా పడటానికి, కూర వండుకోవడానికి. ప్రభుత్వం ఉద్దేశం అంతే. వేసవి నీళ్లలో ట్రౌట్ బతకదు కాబట్టి ఇది చలికాలపు ఏర్పాటు.

ఆ ఏర్పాటు సంగతి బాస్ కనిపెట్టింది. హేచరీ ట్రౌట్ సిమెంటు తొట్లలో, పైనుంచి చల్లే మేత తిని పెరిగిన చేప. శత్రువన్న మాట ఎరగదు. ఒళ్లంతా కొవ్వు, రెక్కల్లో ముల్లు లేదు, చిన్న పొలుసు. తన పొడవులో మూడో వంతు ఉన్న చేపను అవలీలగా మింగే బాస్‌కు ఇది పెళ్లి భోజనం. ఒక్కటి తింటే రోజులపాటు కదలక్కర్లేదు. ట్రౌట్ పట్టేవాళ్లు ఒడ్డుకు లాక్కుంటున్న చేపను మధ్యలో ఏదో నల్లటి ఆకారం వచ్చి మింగేయడం కొందరు కళ్లారా చూశారు. చూసినవాళ్లలో చేతిపని తెలిసినవాళ్లూ ఉన్నారు. గరాజుల్లో చెక్క చెక్కడం మొదలైంది.

ఆలన్ కోల్ చేసిన ఏసీ ప్లగ్ ఆ తొలి రోజుల ఎర. ముందు భాగం చెక్క, వెనక మెత్తని రబ్బరు తోక. తర్వాత కెన్ హడిల్‌స్టన్ వచ్చాడు. ఈయన మెత్తని ప్లాస్టిక్‌లో పోసిన ఎనిమిదంగుళాల ట్రౌట్ ఈ వేట రూపురేఖల్ని మార్చేసింది. ఒళ్లంతా వంకర్లు తిరగకుండా తోక మాత్రమే కదులుతుంది, నిజం చేపలాగే. దాని మీద ఒక అంకె ఉంటుంది. అయిదు అని ఉంటే పది సెకన్లలో అయిదు అడుగులు మునుగుతుంది, పన్నెండు ఉంటే పన్నెండు అడుగులు. ఎంత లోతున చేప ఉందో, దాన్నిబట్టి ఎర. ఇప్పుడు జపాన్ వాళ్లు కూడా ఈ రంగంలో దిగ్గజాలు. డెప్స్ కంపెనీ స్లైడ్ స్విమ్మర్ 250 అంటే పాతిక సెంటీమీటర్ల ఎర, పాములా ఎడమకీ కుడికీ జారుతూ వస్తుంది. ధరలు అడక్కండి. ముప్పై డాలర్ల దగ్గర మొదలై, చేత్తో చెక్కినవి వందల్లోకి పోతాయి. బావగారి గరాజులో గోడకు వేలాడుతున్న ఎరల ఖరీదు మా అక్కకు ఇప్పటికీ తెలియదు. ఈ పత్రిక అక్కడికి చేరకుండా చూసుకోవాలి.

తెల్లవారుజామున, కోటు వేసుకుని

నేను వెళ్లింది ఫిబ్రవరిలో. నాలుగున్నరకు లేపారు. కాలిఫోర్నియా అంటే ఎండ అనుకుని నేను తీసుకెళ్లిన స్వెట్టరు చూసి, ఆయన తన పాత కోటు తెచ్చి తొడిగారు. గట్టు మీద నుంచి కిందికి దిగుతుంటే చెప్పులకు అంటుకునే ఎర్రమట్టి, సేజ్ పొదల ఘాటు వాసన. అవతలి గట్టు కనిపించడం లేదు.

గాలపు కర్ర ఎనిమిది అడుగులది, లావుపాటిది. రీల్‌లో తీగ పాతిక పౌండ్ల బరువు ఆపేది. బావగారు భుజం మీద నుంచి విసిరితే, బొమ్మ ట్రౌట్ నలభై గజాల అవతల పడింది. టెంకాయ నీళ్లలో పడ్డ చప్పుడు. కదలకుండా నిలబడి మనసులో లెక్కపెట్టారు. ఎర అడుగు తాకాక, రీల్ పిడిని నెమ్మదిగా తిప్పడం మొదలుపెట్టారు. ఎంత నెమ్మది అంటే, నాకు కాఫీ గుర్తొచ్చింది, ఫ్లాస్కు తీసి పోసుకుని తాగాను, ఎర ఇంకా సగం దారిలోనే ఉంది.

“ఇంత నిదానం దేనికండీ?”

“చలికదోయ్. దాని ఒంట్లో వేడి నీళ్లతో సమానం. పన్నెండు డిగ్రీల నీళ్లలో అది దుప్పటి కప్పుకుని కూర్చున్న ముసలాయన లాంటిది. మాటిమాటికీ లేవదు. లేస్తే మాత్రం కడుపునిండేది కావాలి. మన ట్రౌట్ దాని ముక్కు ముందు నుంచి, జబ్బు పడ్డట్టు, ఈడ్చుకుంటూ పోవాలి.”

ఈ వేటలో చలికాలానికి ఉన్న విలువ అందులో ఉంది. వేసవిలో బాస్ చిన్నవి చాలా తింటుంది. చలికాలంలో పెద్దది ఒకటి తింటుంది. పెద్ద ఎరకు అంతకంటే మంచి రోజులు లేవు. అయితే అన్ని రోజులూ పనికిరావు. నీళ్లు అద్దంలా ఉంటే బొమ్మ బొమ్మేనని తెలిసిపోతుంది. పైన సన్నటి అలలు లేపే గాలి ఉండాలి, ఆ గాలి మనం నిలబడ్డ గట్టు వైపే కొట్టాలి. ఆకాశం మబ్బు పట్టాలి. అంటే మామూలు మనుషులు ఇంట్లో ముసుగుతన్ని పడుకునే రోజు ఈయనకు శుభముహూర్తం.

గట్టులో ఏ చోటు అన్నది ఇంకో విద్య. నీటిలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ కొనలు, వాటి పక్కన అకస్మాత్తుగా లోతు పడే చోట్లు పెద్ద చేపలకు ఇష్టం. లోతులో విశ్రాంతి, నాలుగు బారలు పైకొస్తే భోజనం. ఆ సంగతి ఆయన తెలుసుకున్నది యంత్రంతో కాదు. కరువు ఏళ్లలో నీళ్లు దిగిపోయి గట్లు బయటపడ్డప్పుడు, ఎండిన అడుగు మీద నడుస్తూ ప్రతి బండకూ, పాత రోడ్డు ముక్కకూ ఫొటో తీసుకున్నారు. నీళ్లు మళ్లీ నిండాక ఆ ఫొటోలే పటం. తూముల దగ్గర చెరువు అడుగు తెలిసిన మన జాలర్లు కూడా ఎండాకాలంలో చేసేది అదే.

నాకూ ఒక కర్ర ఇచ్చారు. మొదటి విసురుకే రీల్‌లో తీగంతా చిక్కుపడి కాకిగూడు అయింది. గాల్లో ఉన్న ఎర మాత్రం ఆగలేదు. తీగ టప్పున తెగి, ముప్పై అయిదు డాలర్ల ట్రౌట్ ఒక్కటే స్వేచ్ఛగా చెరువు మధ్యకు వెళ్లి మునిగింది. బావగారు ఏమీ అనలేదు. ఫ్లాస్కు మూత తీసి కాఫీ పోసుకున్నారు. ఆ మౌనానికి తిట్టే నయం.

ఎనిమిది దాటాక ఒకటి జరిగింది. ఎర ఒడ్డుకు దగ్గరగా, మోకాలి లోతు నీళ్లలోకి వచ్చేసింది. దాని వెనకే ఒక నీడ. మొదట రాయి అనుకున్నాను. రాయి కదిలింది. ఎరకు జానెడు వెనక, అదే వేగంతో, రెక్కలు మాత్రం కదుపుతూ వస్తున్నది నా చేయంత చేప. బావగారి వేళ్లు రీల్ మీద బిగుసుకున్నాయి గానీ వేగం మారలేదు. చేప ఆగింది. ఎరను చూసింది. ఆ తర్వాత మమ్మల్ని కూడా చూసిందని నేను ఒట్టేసి చెప్పగలను. తొందరేం లేకుండా వెనక్కి తిరిగి, లోతులోకి దిగిపోయింది.

పుస్తకం తీసి రాసుకున్నారు: నీళ్లు పన్నెండు, ఆగ్నేయపు గాలి, ట్రౌట్ ఎనిమిదంగుళాలు, చూసి పోయింది. నేను పోగొట్టిన ఎర సంగతి రాయలేదు. పెద్దమనిషి.

మార్చి మహిమ

ఈ చేపల చరిత్రలో తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 1980లో రే ఈజ్లీ కసీటస్ జలాశయంలో 21 పౌండ్ల పైచిలుకు చేప పట్టింది మార్చి 4న. కాస్టేయిక్‌లో మైక్ అరూహో 21 పౌండ్ల 12 ఔన్సుల చేప పట్టింది 1991 మార్చి 5న. సరిగ్గా వారానికి, మార్చి 12న, అదే కాస్టేయిక్‌లో బాబ్ క్రూపీ అనే పోలీసు 22 పౌండ్ల చేప పట్టాడు. పది కిలోలకు వెంట్రుకవాసి తక్కువ. దాన్ని మళ్లీ నీళ్లలో వదిలేశాడు కూడా.

ఇదంతా కాకతాళీయం కాదు. ఫిబ్రవరి చివర పగళ్లు సాగుతాయి, నీటి వేడి పదమూడు, పద్నాలుగు, పదిహేనుకు ఎగబాకుతుంది. ఆడచేప కడుపు గుడ్లతో నిండుతుంది, చలికాలమంతా మేసిన ట్రౌట్ కొవ్వు ఒంట్లో ఉంటుంది. ఏడాదిలో అది అత్యంత బరువుగా ఉండేది అప్పుడే. లోతు వదిలి గట్టుకు చేరేదీ అప్పుడే. పదహారు, పద్దెనిమిది డిగ్రీలకు మగచేప తోకతో అడుగున మట్టి ఊడ్చి పళ్లెమంత గూడు చేస్తుంది. ఆడది వచ్చి గుడ్లు పెట్టి వెళ్తుంది. ఆ తర్వాత కాపలా అంతా తండ్రిదే. మన రైతుకు కార్తె ఎలాగో వీళ్లకు థర్మామీటరు అలాగ. మృగశిర చిటపటలు చూసి ఏరువాక సాగించినట్టు, పద్నాలుగు డిగ్రీలు చూసి ఆఫీసుకు సెలవు పెడతారు.

ఒక నిజం మాత్రం దాచకూడదు. క్రూపీ పట్టింది స్విమ్‌బెయిట్‌తో కాదు, బతికున్న క్రాఫిష్‌తో. ఆల్‌టైమ్ పెద్ద చేపల జాబితాలో బొమ్మ ఎరల వాటా అనుకున్నంత లేదు. ‘ప్రాణమున్న ఎరతో ఎవడైనా పడతాడు’ అని స్విమ్‌బెయిట్ వాళ్లు చప్పరిస్తారు. ద్రాక్షపళ్లు పుల్లన అన్నట్టు నాకు వినిపించింది.

గూటి మీద ఉన్న చేపను కళ్లతో చూస్తూ పట్టడం న్యాయమా కాదా అన్నది అక్కడ తెగని తగువు. శాన్‌డియేగో పక్కన డిక్సన్ అనే చిన్న చెరువులో, దవడ కింద నల్ల మచ్చ ఉన్న ఒక ఆడచేప ఉండేది. 2001లో ఒకరికి, 2003లో ఇంకొకరికి పడి, ప్రతిసారీ బరువు తూగి మళ్లీ నీళ్లలోకి వెళ్లింది. 2006 మార్చి 20న మాక్ వీక్లీ అనే ఆయన దాన్ని పైకి తీస్తే తక్కెడ చూపింది 25 పౌండ్ల పైన. ప్రపంచ రికార్డుకు దాదాపు మూడు పౌండ్లు ఎక్కువ! కానీ గాలం నోట్లో లేదు, ఒంటికి గుచ్చుకుంది. రికార్డుకు దరఖాస్తు పెట్టకుండా వదిలేశారు. 2008 మేలో అది చచ్చి నీళ్ల మీద తేలింది. గూటి దగ్గర చేపను వేధించడం నాకు నచ్చదు. బావగారు కూడా గూళ్లు కనిపించగానే చోటు మారుస్తారు. నోటి ముందు తిరిగే ఎరను ఆకలితో కాదు, పిల్లల మీద ప్రేమతో కరిచే చేపను పట్టి గొప్పలు చెప్పుకోవడం ఏం వేట?

ఎండాకాలం, ఆకురాలు కాలం

వేసవి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నీళ్లు పాతిక డిగ్రీలు దాటుతాయి. పైన వేడి నీరు, కింద చల్లనీరు రెండు దొంతరలుగా విడిపోతాయి. నీళ్ల మీద జెట్‌స్కీల రొద. తెల్లారుజామున ఓ గంట, చీకటి పడే ముందు ఓ గంట నీటి పైన అలలు రేపుతూ వచ్చే చెక్క ఎర ఒకటి పనిచేస్తుంది. మిగతా పగలంతా ఇంట్లో మామిడిపండు తినడం మేలు. బావగారి పుస్తకంలో జులై, ఆగస్టు కలిపి ఒకే పేజీ.

అక్టోబరు నుంచి మళ్లీ కదలిక. రాత్రులు చల్లబడి, పై నీరు బరువెక్కి కిందికి దిగుతుంది. షాడ్ అనే వెండిరంగు చిన్నచేపలు మందలుగా మూలల్లోకి దూరితే, బాస్ వాటిని తరుముకుంటూ పోతుంది. ఇప్పుడు ట్రౌట్ రంగు పనికిరాదు. షాడ్ రంగులో, ఎడమకూ కుడికీ జారే గ్లైడ్ ఎర కావాలి.

ఈ కాలానికి ఇంకో ముఖం ఉంది. ఎడారి వైపు నుంచి సాంటా ఆనా గాలులు వీస్తాయి, చలికాలంలోనూ. ఎండిన కొండలకు నిప్పురవ్వ చాలు. 2025 జనవరి 22న జలాశయం పక్కనే అంటుకున్న హ్యూస్ మంటల్లో పదివేల ఎకరాలకు పైగా కాలిపోయింది. వేలమంది ఇళ్లు వదిలి వెళ్లారు. బావగారి పుస్తకంలో ఆ వారం గళ్లన్నీ ఖాళీ. గాలి గడిలో మాత్రం ఒక్క మాట: పొగ.

పులుసుకు రాని చేప

ఎర్ర సిరాతో రాసిన ఆ పదకొండు పౌండ్ల చేపను ఆయన ఏం చేశారో తెలిస్తే మీరూ అత్తయ్యలాగే నోరెళ్లబెడతారు. కింది పెదవి ఒక చేత్తో, పొట్ట ఒక చేత్తో పట్టి, తూచి, ఒక ఫొటో తీసి, నీళ్లలో వదిలేశారు. ఆ వార్త ఫోన్లో విన్న అత్తయ్య రెండు నిమిషాలు మాట్లాడలేదట. తర్వాత అందట, “ఇంతకాలం తిరిగి పట్టింది వదిలేశావా! కాస్త చింతపండు నానేసేవాళ్లే లేకపోయారా ఇంట్లో!”

ఈ పద్ధతి 1972 నుంచి ఊపందుకుంది. బాస్ పోటీలకు ఆద్యుడు రే స్కాట్ ‘పట్టింది చంపకండి’ అన్న నినాదం ఎత్తుకున్నాడు. పెద్ద బాస్ దాదాపు ఎప్పుడూ ఆడదే, పదేళ్లు బతికినది. ఒకటి పోతే ఆ స్థానం నిండటానికి మళ్లీ అంతకాలం. పైగా ముసలి వేటచేప ఒంట్లో పాదరసం పేరుకుంటుంది, తినడం మంచిది కాదు కూడా. అత్తయ్యకు ఆ పాదరసం మాట ఒక్కటే నచ్చింది.

ఇదే చేపను జపాన్‌లో కొన్నిచోట్ల పడితే చట్టం తిరగబడుతుంది. 2009 జులై 2న బివా సరస్సులో మనబు కురిత అనే ఆయన పట్టిన బాస్ 22 పౌండ్ల 5 ఔన్సులకు పిసరంత తక్కువ తూగింది. పాత రికార్డు కంటే 27 గ్రాములు ఎక్కువ. అయినా రికార్డు బద్దలు కాలేదు. కనీసం రెండు ఔన్సుల తేడా, అంటే దాదాపు 57 గ్రాములు ఉండాలన్నది అంతర్జాతీయ సంఘం నియమం. కురితకు లై డిటెక్టర్ పరీక్ష కూడా చేసి, చివరికి సమానమని తేల్చారు. ఆ చేపను పట్టింది బ్లూగిల్ అనే బతికున్న ఎరతో. బాస్‌ను 1925లో తెత్సుమ అకబొషి అనే వ్యాపారి అమెరికా నుంచి జపాన్ తెచ్చాడు. బ్లూగిల్‌ను 1960లో యువరాజుగా ఉన్న అకిహితో చికాగో నుంచి బహుమతిగా తెచ్చారు. రెండూ కలిసి బివాలోని నాటు చేపల్ని ఊడ్చేశాయి. 2007లో, చక్రవర్తి హోదాలో, నేను తెచ్చిన చేప ఇంత పని చేసినందుకు బాధగా ఉందని అకిహితో బహిరంగంగా అన్నారు. బివా ఉన్న షిగా ప్రాంతంలో పట్టిన బాస్‌ను తిరిగి వదలడం నిషేధం.

ఆ మాట విన్నప్పుడు మన చెరువుల్లో వలలు చింపుతున్న డెవిల్ ఫిష్ గుర్తొచ్చింది. గాజుతొట్టిలో ముద్దుగా పెంచి, పెద్దదయ్యాక కాలువలో పారేసినవాళ్ల పుణ్యం అది. మీ ఇంట్లో ఉంటే దయచేసి ఆ పని చేయకండి. కాలిఫోర్నియా కూడా అరువు చేపలతో బాగుపడిందని మురిసిపోవడానికి లేదు. 2024 అక్టోబరులో స్టాక్‌టన్ రేవులో గోల్డెన్ మసెల్ అనే ఆసియా ఆల్చిప్ప బయటపడ్డాక, జలాశయాల్లోకి పడవ దింపాలంటే తనిఖీలూ నిరీక్షణలూ. గట్టు మీద నిలబడి విసిరే మా బావకు ఆ బాధ లేదు.

కురిత సమం చేసిన ఆ ప్రపంచ రికార్డు మాత్రం 1932 జూన్ 2 నాటిది. జార్జియాలో మాంట్‌గోమరీ లేక్ దగ్గర జార్జ్ పెర్రీ అనే కుర్ర రైతు, వాన పడి పొలం పనిలేని రోజున, స్నేహితుడితో కలిసి వెళ్లి పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప. ఇద్దరికీ కలిపి ఒకే ఎర ఉండేదని చెబుతారు. ఊరి కొట్లో తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకు తిన్నారు. అత్తయ్యకు ఈ కథ చెప్పాను. “అదీ మనిషంటే,” అంది.

పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్లి, నెలల తరబడి సోఫాలో కూర్చుని విసుగెత్తే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ పదహారేళ్లు దాటినవాళ్లు ఎవరు చెరువులో గాలం వేయాలన్నా లైసెన్సు ఉండాలి. ఆ రాష్ట్రంలో కాపురముంటున్న వాళ్లకు ఏడాదిది అరవై డాలర్ల పైమాటే. చూడ్డానికి వచ్చిన వాళ్లు రోజుల లెక్కన తీసుకోవచ్చు. 2023 నుంచి ఏడాది లైసెన్సు కొన్న రోజు మొదలు 365 రోజులు చెల్లుతుంది. అల్లుడికో కొడుక్కో కొనిపించేటట్టయితే డిసెంబరు మొదటి వారంలో కొనిపించండి. ట్రౌట్ లారీ వచ్చేది అప్పుడే.